కీమో ఎక్కించుకున్నాక మిగిలిన 20 రోజులు

కీమోకి వెళ్ళిన మనిషి ఆసుపత్రిలో ఉండేది కొన్ని గంటలే. పొద్దున రక్తపరీక్ష, రిపోర్టు వచ్చాక డే కేర్‌లో మంచం, సాయంత్రానికి సీసాలు అయిపోగానే చేతికో మందుల కవరు, ‘1–0–1’ అంటూ రాసిన ఒక చీటీ. మూడు వారాల తర్వాత మళ్ళీ రమ్మంటారు. మధ్యలో ఉన్న 20 రోజులూ ఇంట్లోనే గడవాలి. వాంతులు, నోటిపూత, విరేచనాలు, అరికాళ్ళ మంటలు, అర్ధరాత్రి జ్వరం అన్నీ వచ్చేది అక్కడే, డాక్టరు దగ్గర లేనప్పుడే. శ్రీకాకుళం పల్లెల నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో వెళ్ళి వైద్యం చేయించుకునేవాళ్ళకు ఆ డాక్టరు ఇంకా దూరం.

ఈ బాధలన్నిటికీ మన ఇళ్ళలో చెప్పే మందు ఒకటే: ఓర్చుకో. క్యాన్సర్ మందంటే ఆ మాత్రం ఉంటుందని చుట్టాలు అంటారు. మాటిమాటికీ ఫోన్ చేస్తే డాక్టరు గారు విసుక్కుంటారేమోనని ఇంట్లోవాళ్ళు వెనకాడతారు. చెబితే మందు ఆపేస్తారేమోనని రోగి భయపడతాడు. ఈ మూడో భయమే అన్నిటికంటే గట్టిది. కానీ అసలు జరిగేది దీనికి తలకిందులు. నోరు విప్పి చెప్పిన మనిషికి డోసు సర్దుతారు, ఇంకో మందు కలుపుతారు, కీమో సాగుతుంది. చెప్పకుండా దాచిన మనిషి ఒకరోజు ఐసీయూలో తేలతాడు, కీమో నిజంగానే ఆగుతుంది.

ఇది ఊహ కాదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ముదిరిన క్యాన్సర్‌తో కీమో తీసుకుంటున్న 766 మందిపై ఒక పరిశోధన చేశారు. కొందరికి మామూలు వైద్యమే ఇచ్చారు. మిగిలినవాళ్ళు వాంతులు, నొప్పి, నీరసం, ఆకలి లేకపోవడం లాంటి 12 బాధలు ఎలా ఉన్నాయో కంప్యూటర్‌లో ఎప్పటికప్పుడు నమోదు చేసేవారు. ఏదైనా ముదిరితే నర్సుకి సందేశం వెళ్ళేది. కొత్త మందేమీ లేదు, చెప్పుకునే దారి మాత్రమే పెరిగింది. 2017లో ఫలితాలు వచ్చాయి. చెప్పుకునే ఏర్పాటు ఉన్నవాళ్ళు సగటున 31 నెలలు బతికితే, లేనివాళ్ళు 26 నెలలు బతికారు. కొన్ని ఖరీదైన కొత్త మందులకు కూడా ఇంత తేడా చూపించడం కష్టమే. బాధ తొందరగా తెలియడం వల్ల దాన్ని తొందరగా సర్దారు, అందువల్ల కీమోని ఎక్కువ కాలం తట్టుకోగలిగారు. పరిశోధకులు చెప్పిన కారణాల్లో ఇదొకటి.

కాబట్టి ఇంట్లో ఉన్నవాళ్ళకు కావాల్సినవి రెండు. ఏ బాధ ఎప్పుడు వస్తుందో ముందే తెలియాలి. ఏది ఇంట్లో చూసుకోవచ్చో, దేనికి ఆ క్షణమే బయల్దేరాలో కూడా తెలియాలి.

కీమో మందుల్లో చాలావాటికి క్యాన్సర్ కణం ఏదో, మామూలు కణం ఏదో తెలియదు. వేగంగా విభజన చెందే ఏ కణానికైనా దెబ్బ తగులుతుంది. ఒంట్లో అలా వేగంగా పెరిగేవి రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగుల పొర, జుట్టు కుదుళ్ళు. బాధలు ఆ చోట్లే ఎందుకు వస్తాయో దీంతో అర్థమవుతుంది. వికారం మొదటి ఐదు రోజుల్లో ఉంటుంది. నోటిపూత సాధారణంగా మొదటి వారం చివర్లో మొదలవుతుంది. తెల్ల రక్తకణాలు 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య అట్టడుగుకు వెళ్తాయి. మూడో వారానికి మజ్జ కోలుకుంటుంది, కణాలు మళ్ళీ పెరుగుతాయి. చాలా కీమోలు 21 రోజులకోసారి ఇవ్వడానికి కారణం అదే. వారం వారం ఇచ్చేవి, రెండు వారాలకోసారి ఇచ్చేవి కూడా ఉన్నాయి, వాటి లెక్క వేరు. గోడ మీది క్యాలెండర్‌లో కీమో ఇచ్చిన రోజును ఒకటిగా పెట్టి అంకెలు వేసుకుంటే, ఇంట్లో అందరికీ ఏ రోజు ఏం చూడాలో కనబడుతుంది.

100.4

క్యాన్సర్ వైద్యంలో ఇంటివాళ్ళు ఒక్క అంకే గుర్తుపెట్టుకోగలిగితే అది 100.4 ఫారెన్‌హీట్ కావాలి, అంటే 38 సెల్సియస్. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో ఈ జ్వరం మామూలు జ్వరం కాదు. ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కొనే సైన్యం అప్పుడు ఒంట్లో ఉండదు. చీము పట్టదు, వాపు కనబడదు, దగ్గు కూడా ఉండకపోవచ్చు. జ్వరం ఒక్కటే గుర్తు. కొన్ని గంటల్లోనే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

మన దగ్గర ఆ రాత్రి ఎలా గడుస్తుందో చూడండి. ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. చెయ్యి పెట్టి చూస్తారు. డోలో 650 వేస్తారు, గంటకి జ్వరం దిగుతుంది, పడుకుంటారు. తెల్లవారుజామున వణుకు వస్తుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన తుంటికి ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ఓ సెలైన్ పెడతాడు. మధ్యాహ్నానికి అంబులెన్స్ పిలుస్తారు. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ప్రతి అడుగూ తప్పే. డోలో జ్వరాన్ని దించింది కానీ ఇన్ఫెక్షన్ని ముట్టుకోలేదు, పైగా ఉన్న ఒక్క గుర్తునూ మాపేసింది. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న మనిషికి కండలోకి ఇచ్చే ఇంజెక్షన్ లోపల రక్తం గడ్డకట్టిన వాపు తెస్తుంది, అక్కడే మరో ఇన్ఫెక్షన్‌కి దారి చేస్తుంది.

అందుకని డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఉండాలి. చెయ్యి పెట్టి చూడటం లెక్కలోకి రాదు. జ్వరం కొలవకుండా డోలో వేయకూడదు. 100.4 చేరినా, దాటినా ఆసుపత్రి ఇచ్చిన ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి వాళ్ళు చెప్పిన చోటికి బయల్దేరాలి. చలి, వణుకు, మగతగా ఉండటం, మూత్రం తగ్గిపోవడం ఉంటే జ్వరం లేకపోయినా అంతే. పెద్ద ఆసుపత్రి నాలుగు గంటల దూరంలో ఉంటే, రాత్రిపూట నరంలోకి యాంటీబయాటిక్ ఇవ్వగలిగిన దగ్గరి ఆసుపత్రి ఏదో మొదటి కీమో రోజునే డాక్టరుని అడిగి పెట్టుకోవాలి. వెళ్ళగానే కౌంటర్ దగ్గర చెప్పాల్సిన మాట “జ్వరం వచ్చింది” కాదు, “కీమో ఎక్కించి పది రోజులైంది, ఇప్పుడు జ్వరం వచ్చింది” అని. మొదటి మాటకు ఓపీ చీటీ రాసిస్తారు, రెండో మాటకు లోపలికి తీసుకెళ్తారు.

తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. అవి వేసుకున్న రెండు మూడు రోజులు నడుము, తొడ ఎముకలు పీకుతాయి. మజ్జ పని చేస్తోందన్న గుర్తు అది, కంగారు పడాల్సింది కాదు. ఆ ఇంజెక్షన్లను ఫ్రిజ్‌లో పెట్టాలి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. బొప్పాయి ఆకుల రసం తాగిస్తే కౌంట్లు, అంటే రక్తకణాల సంఖ్యలు, పెరుగుతాయని డెంగీ రోజుల నుంచి ఒక నమ్మకం ఉంది. దాన్ని నమ్ముకుని ఈ ఇంజెక్షన్ మానేస్తే మాత్రం ప్రమాదమే.

వాంతులు: వచ్చాక కాదు, రాకముందే

కీమో అంటే వాంతులే గుర్తొస్తాయి. సినిమాలు నేర్పిన భయం కొంత, నిజంగా చూసిన భయం కొంత. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు 1970ల చివర్లో వాడుకలోకి వచ్చినప్పుడు దాన్ని ఎక్కించుకున్నవాళ్ళు ఒక్క రోజులో లెక్కలేనన్ని సార్లు వాంతి చేసుకునేవారు. 1990ల మొదట్లో వాంతుల్ని ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ వచ్చాక పరిస్థితి మారింది. ఆ తర్వాత మరికొన్ని మందులు కలిశాయి. ఇవాళ కీమో తీసుకునే చాలామంది ఒక్క వాంతి కూడా లేకుండా గడపగలరు. అయినా గడపలేకపోతున్నవాళ్ళు ఉన్నారంటే చాలాసార్లు కారణం మాత్రల చీటీ దగ్గరే ఉంటుంది.

వికారం ఒకే రకం కాదు. మొదటి 24 గంటల్లో వచ్చేది ఒకటి, రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా లాగేది ఇంకొకటి. రెండింటి వెనుకా పనిచేసే రసాయనాలు వేరు, కాబట్టి మందులూ వేరు. ‘వాంతి వస్తే వేసుకుందాంలే’ అని మాత్రలు పక్కన పెట్టేవాళ్ళే ఎక్కువ. మొదటి రోజు బాగానే ఉంటుంది, ఎందుకంటే ఆసుపత్రిలో నరం ద్వారా ఇచ్చిన మందు ఇంకా పనిచేస్తుంటుంది. రెండో రోజు సాయంత్రం అది దిగిపోయి వాంతులు పట్టుకుంటాయి. అప్పుడు వేసుకున్న మాత్ర కూడా బయటికే వస్తుంది. బాగున్నా సరే, గడియారం చూసి చీటీలో రాసినన్ని రోజులూ వేసుకోవాలి. మూడో రకం కూడా ఉంది. రెండు మూడు సైకిళ్ళు, అంటే కీమో విడతలు, వాంతులతో గడిచిన మనిషికి ఆసుపత్రి గేటు చూడగానే, ఆ స్పిరిట్ వాసన తగలగానే కడుపులో తిప్పుతుంది. మనసు నేర్చుకున్న పాఠం అది. దానికి వాంతి మాత్రలు సరిగా పనిచేయవు. మొదటి సైకిల్‌లోనే వాంతుల్ని అదుపులో పెట్టడమే అసలైన నివారణ.

మాత్రలకీ తమ తమ చిక్కులున్నాయి. ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం, తలనొప్పి తెస్తుంది. డెక్సామెథసోన్ స్టెరాయిడ్, రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, పొద్దున్నే వేసుకోవచ్చా అని అడగాలి. షుగర్ ఉన్నవాళ్ళకు ఆ రెండు మూడు రోజులు షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఎక్కువసార్లు చూసుకోవాలి. ఓలాంజపైన్ కథ ఇంకోటి. వికారానికి బ్రహ్మాండంగా పనిచేసే మందు, కానీ దాన్ని మానసిక జబ్బులకు కూడా వాడతారు. మందుల షాపువాడో, ఇంటర్నెట్టో ఆ సంగతి చెప్పగానే “మా నాన్నకి పిచ్చి మాత్ర ఇచ్చారేమిటి” అని గొడవపడి మానేసిన ఇళ్ళున్నాయి. ఇది వేసుకుంటే మత్తుగా ఉంటుందన్న ఫిర్యాదు మాత్రం నిజమే. దానికి జవాబు మన దేశంలోనే దొరికింది. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ వైద్యులు 10 మిల్లీగ్రాముల బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. వాంతులు అంతే అదుపులో ఉన్నాయి, పగటి మత్తు బాగా తగ్గింది. 2024లో ఈ ఫలితాలు ప్రచురించారు. మత్తు ఎక్కువైందని చెబితే డోసు తగ్గించే వీలుందన్నమాట.

ఇక వాసన. కీమో రోజుల్లో పోపు వాసన పగవాడికి కూడా వద్దనిపిస్తుంది. ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి, ఇంగువ ఘాటు ఇల్లంతా కమ్ముకుంటే, లోపలి గదిలో పడుకున్న మనిషి చెంబు వెతుక్కుంటాడు. ఆ మనిషి ఆడమనిషైతే చాలా ఇళ్ళలో పోపు పెట్టేది కూడా ఆమే. కీమో అయిన మూడో రోజున ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని స్టవ్ దగ్గర నిలబడటాన్ని ఓపిక అని మెచ్చుకునేకంటే, ఆ వారం వంట ఇంకొకరు చేయడం మేలు. వేడివేడి అన్నం, కూరల కంటే చల్లారిన పదార్థాల్లో వాసన తక్కువ. అందుకే పెరుగన్నం, ఇడ్లీ, మరమరాలు, అటుకులు, గోరువెచ్చటి జావ లోపలికి పోతాయి. ఒక్కసారిగా పళ్ళెం నిండా కాకుండా రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు పెట్టాలి. ఇష్టమైన వంటకాన్ని మాత్రం వికారం ఉన్న రోజున పెట్టకూడదు. ఇక ఈ జన్మలో దాని మొహం చూడబుద్ధి కాదు.

పత్యం పేరుతో పస్తు

తెలుగిళ్ళలో జబ్బు మనిషికి ముందు మొదలయ్యేది పత్యం. వంకాయ వద్దు, దుంపలు వద్దు, పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు నిమ్ము, మాంసం అరగదు. దానికి తోడు ఈ మధ్య వాట్సాప్ పత్యం చేరింది: చక్కెర క్యాన్సర్‌కి మేత, పాలు విషం. ఇవన్నీ తీసేస్తే ఇక మిగిలేది మెత్తటి అన్నం, చారు. రెండు నెలల్లో మనిషి ఎనిమిది కిలోలు తగ్గితే ‘జబ్బు తినేసింది’ అంటారు. సగం తినేసింది పత్యమే.

దెబ్బతిన్న కణాలు బాగుపడాలంటే మాంసకృత్తులు కావాలి. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, చికెన్, చేప, పాలు, పనీర్, శనగలు, ఏది సయిస్తే అది. నమలలేకపోతే పెసరపప్పు మెత్తగా ఉడికించి నెయ్యి వేసి, రాగిజావ పాలతో కాచి, వేరుశనగపప్పు మెత్తగా పొడి చేసి ఉప్మాలో కలిపి పెట్టవచ్చు. చక్కెర మానేసినంత మాత్రాన క్యాన్సర్ కణాలు ఆకలితో చావవు. అన్నం నుంచి, పప్పు నుంచి కూడా శరీరం గ్లూకోజు తయారుచేసుకుంటుంది. షుగర్ జబ్బు ఉన్నవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు డాక్టరు చెప్పిన కొలతలోనే ఉండాలి. మిగతావాళ్ళకు ఉన్న బరువు కాపాడుకోవడమే ఆ రోజుల్లో పెద్ద పని. వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూసి రాసుకుంటే, డాక్టరుకి అది ఏ స్కానింగ్‌కీ తీసిపోని సమాచారం.

మానాల్సినవి నిజంగా కొన్ని ఉన్నాయి. కౌంట్లు తక్కువున్న రోజుల్లో రోడ్డు పక్క చెరకు రసం, పానీపూరి, కోసి పెట్టిన పండ్లు, హోటల్ చట్నీ, సగం ఉడికిన గుడ్డు, మొన్నటి కూర వద్దు. పచ్చి కూరలు, పండ్లు, పెరుగు విషయంలో ఆసుపత్రికో నియమం ఉంటుంది, వాళ్ళు చెప్పినట్టే చేయాలి. శుభ్రత విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట: కాచిన నీళ్ళు, కడిగిన చేతులు, అప్పుడే వండిన అన్నం.

నాటుమందుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏ ఊళ్ళోనో ఒక ఆకు పసరు, ఏదో ఒక భస్మం ఎవరో ఒకరు తెచ్చిపెడతారు. కీమో మందుల్లో చాలావాటిని బయటికి పంపేది కాలేయం, కిడ్నీలు. ఆ రెండింటినీ అప్పుడే ఇంకో తెలియని మందుతో కష్టపెడితే కీమో ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోయి విషమవ్వవచ్చు. వాడుతున్నట్టు చెబితే తిడతారని దాచడం వల్ల లివర్ ఎందుకు పాడైందో తెలియక డాక్టరు తల పట్టుకుంటాడు. తిట్లు పడినా చెప్పేయడమే నయం.

నోరు

నోటిపూతలో మొదట బుగ్గల లోపల ఎర్రగా మండుతుంది, తర్వాత తెల్లటి పుండ్లు వస్తాయి. ఆవకాయ ముద్ద సంగతి అటుంచి, ఉమ్మి మింగడమే కష్టమవుతుంది. దీనికి ఖరీదైన మౌత్‌వాష్ అక్కర్లేదు. ఆల్కహాల్ ఉన్నవైతే ఇంకా మండిస్తాయి కూడా. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా కలిపి ఏ రోజుకారోజు కొత్తగా చేసుకుని, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందూ పుక్కిలిస్తే చాలు. పుండ్లు పడ్డాక మొదలుపెట్టడం కంటే కీమో మొదటి రోజు నుంచే చేయడం మంచిది. పళ్ళు తోముకోవడం మానకూడదు, కానీ వేపపుల్ల, పళ్ళపొడి, ఉప్పు–బొగ్గు ఈ కొన్ని నెలలూ పక్కన పెట్టాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు చిగురు గీసుకుంటే రక్తం ఆగదు. మెత్తటి బ్రష్షే వాడాలి. కొన్ని రకాల కీమో ఎక్కుతున్న అరగంటా నోట్లో ఐసు ముక్కలు పెట్టుకుంటే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని మందు నోటి పొరకు తక్కువ చేరుతుంది. ఐదు పైసల ఖర్చు లేని ఈ ఉపాయం అన్ని మందులకూ వర్తించదు. ఆక్సాలిప్లాటిన్ కూడా ఎక్కిస్తున్నప్పుడు ఐసు అసలు పనికిరాదు. కాబట్టి నర్సుని అడిగే పెట్టుకోవాలి.

నోరు, గొంతు క్యాన్సర్లకు ఇచ్చే రేడియేషన్ వేరే కథ. పల్లెల్లో దీన్ని కరెంటు పెట్టడం అంటారు. పొగాకు, గుట్కా, ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొన నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట వల్ల ఈ క్యాన్సర్లు మనకు కొత్త కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. మొదటి రెండు వారాలూ ఏమీ అనిపించదు, ఇంతేనా అనుకుంటారు. మూడో వారం నుంచి నోరు పుండవుతుంది, ఉమ్మి చిక్కబడి తీగలు సాగుతుంది, రుచి పోతుంది, మెడ మీది చర్మం కమిలి నల్లబడుతుంది. చికిత్స పూర్తయ్యాక కూడా ఒకటి రెండు వారాలు బాధ పెరుగుతూనే ఉంటుంది. ‘అయిపోయింది కదా, ఇంకా తగ్గదేం’ అని ఇంట్లో టెన్షన్ పడేది అప్పుడే. చర్మానికి పసుపు, సున్నం, ఆయింట్‌మెంట్ ఏదీ సొంతంగా పూయకూడదు, మెడకు ఒరుసుకునే గరుకు తువ్వాలు, బిగుతు కాలరు వద్దు. మింగలేని రోజుల కోసం ముక్కు గొట్టం వేద్దామంటే చాలామంది చివరిదశ వచ్చిందనుకుని బెదిరిపోతారు. ఆ గొట్టం ఉన్నది రేడియేషన్ మధ్యలో ఆగకుండా చూడటానికి. మధ్యలో రోజులు పోతే క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.

చేతులు, కాళ్ళు

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి మందులు నరాల చివరలను దెబ్బతీస్తాయి. మొదట వేళ్ళ కొనల్లో తిమ్మిరి. తర్వాత జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కుదరదు, చీర కుచ్చిళ్ళు వేళ్ళ మధ్య నిలవవు, చొక్కా గుండీ దొరకదు, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియదు. పెనం అంచు తగిలి బొబ్బ లేచాక గానీ కాలిందని తెలియదు. ఇవన్నీ ‘కొంచెం తిమ్మిర్లు’ అని కొట్టేసే విషయాలు కావు. మందు ఆపినా కొందరికి నరాలు పూర్తిగా తేరుకోవు. కాబట్టి తదుపరి సైకిల్‌కి ముందే చెప్పాలి, అదీ ‘తిమ్మిరిగా ఉంది’ అని కాకుండా ‘గుండీ పెట్టుకోలేకపోతున్నాను’ అని. ఈ మాట మీదే డాక్టరు డోసు తగ్గించాలా వద్దా అని నిర్ణయిస్తాడు. ఆక్సాలిప్లాటిన్‌కి ఇంకో విచిత్రం ఉంది: చలి తగిలితే షాక్ కొట్టినట్టుంటుంది. ఎక్కించుకున్న నాలుగైదు రోజులు ఫ్రిజ్ తలుపు తీయడం, చల్లటి నీళ్ళు తాగడం వద్దు. గొంతు పట్టేసి ఊపిరాడనట్టు అనిపిస్తుంది.

కాపెసిటబిన్ అనే కీమో మాత్రలు వేసుకునేవాళ్ళకు అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి, పొలుసులు లేచి, పగులుతాయి. వేడినీళ్ళు, బండకేసి బట్టలు ఉతకడం, చెప్పుల్లేకుండా నడవడం దీన్ని పెంచుతాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఇక్కడ మంచి పని చేశారు. నొప్పులకు రాసుకునే మామూలు డైక్లోఫెనాక్ 1 శాతం జెల్‌ని రోజుకి రెండుసార్లు చేతులకు రాయించి చూశారు. 264 మందిపై చేసిన ఆ పరిశోధనలో, మందు లేని ఉత్తి జెల్ రాసుకున్నవాళ్ళలో 15 శాతం మందికి చేతులు చెప్పుకోదగ్గంతగా పాడైతే, డైక్లోఫెనాక్ రాసుకున్నవాళ్ళలో అది 3.8 శాతమే. ప్రతి మందుల షాపులో దొరికే ట్యూబు అది. ఇంకా చాలా ఓపీల్లో దీని మాట వినబడదు, కాబట్టి రోగే అడగవచ్చు.

విరేచనాలు, మలబద్ధకం గురించి క్లుప్తంగా: రోజూ వెళ్ళేదానికంటే నాలుగుసార్లు ఎక్కువగా వెళ్ళాల్సి వస్తే కాపెసిటబిన్ తదుపరి డోసు వేసుకోకుండా ఫోన్ చేయాలి. ఓఆర్ఎస్ ఇంట్లో ఉండాలి. మూడు రోజులు మోషన్ కాకపోతే డాక్టరుని అడిగి సిరప్ వాడాలి, ఎనిమా మాత్రం కౌంట్లు తక్కువున్నప్పుడు ఇవ్వకూడదు. ఇమ్యూనోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి తిప్పే మందులు, తీసుకునేవాళ్ళకు వచ్చే విరేచనాలు వేరే రకం. నెలల తర్వాత కూడా రావచ్చు, వాటిని మాత్రతో ఆపేసి ఊరుకోకూడదు. మూత్రం ఎర్రగా వచ్చిందని హడలిపోయేవాళ్ళు ఒకసారి గుర్తుచేసుకోవాలి: ఆరోజు ఎక్కించింది ‘ఎర్ర మందు’ డాక్సోరుబిసిన్ అయితే ఒకటి రెండు రోజులు అలాగే వస్తుంది.

నీరసానికి పూర్తి విశ్రాంతే మందని అందరూ అనుకుంటారు. రోజంతా మంచం మీదే ఉంటే కండ కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. పొద్దున, సాయంత్రం పదిహేను నిమిషాలు వరండాలో నడిచినా మేలే అని పరిశోధనలు గట్టిగా చెబుతున్నాయి. ఎక్కువైతే రక్తహీనత ఉందేమో చూపించుకోవాలి. జుట్టు రాలడం మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాలకు మొదలవుతుంది. అన్ని కీమోలకీ రాలదు. మన దగ్గర ఒక సౌకర్యం ఉంది, ఆడవాళ్ళు గుండుతో కనబడినా ‘తిరుపతి వెళ్ళొచ్చారా’ అని అడిగి ఊరుకుంటారు. చాలామంది ఆ ప్రశ్నకు అవునని తలూపి కాలం గడిపేస్తారు.

నోటితో చెప్పుకోనివి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్ళకు యోని మార్గం ఎండిపోయి, ఇరుకవుతుంది. తర్వాత పరీక్ష చేయించుకోవడం కూడా నొప్పే. దీన్ని ఆపడానికి డైలేటర్ అనే చిన్న సాధనం ఉంది, రేడియేషన్ పుండ్లు మానాక వాడటం మొదలుపెడతారు. ఓపీలో మగ డాక్టరు, పక్కన కొడుకు ఉంటే ఈ మాట ఎవరు ఎత్తుతారు? ఎత్తరు. నర్సుతో విడిగా మాట్లాడించడానికి ఏర్పాటు చేయని ఆసుపత్రిదే ఇక్కడ తప్పు. నెలసరి ఆగిపోవడం, ఒంట్లో వేడి ఆవిర్లు, పిల్లలు పుట్టే అవకాశం, మగవాళ్ళలో పటుత్వం, కీమో రోజుల్లో దగ్గరవ్వచ్చా లేదా అన్నవి కూడా అడగకుండానే మిగిలిపోయే ప్రశ్నలు. పిల్లలు కావాలనుకునే వయసువాళ్ళు మొదటి కీమోకి ముందే అడగాలి, తర్వాత అడిగితే చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

నొప్పి గురించి కూడా అంతే. మార్ఫిన్ అనగానే ‘ఇక చివరికి వచ్చింది’ అనో, ‘అలవాటు పడిపోతాడు’ అనో అంటారు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల దశాబ్దాల పాటు ఆసుపత్రులు కూడా ఈ మందు దగ్గర పెట్టుకోవడానికి జంకాయి. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు అనుమతులు సులభం చేశారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ కేర్‌కి, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యానికి, మన ప్రాంతంలో బాగా తెలిసిన చోటు. డాక్టరు చెప్పిన డోసులో నొప్పి కోసం వాడే మార్ఫిన్ ప్రాణం తీయదు. మొదటి రెండు మూడు రోజుల మత్తు తగ్గిపోతుంది, మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి మోషన్ మందు మొదటి రోజు నుంచే పక్కన ఉండాలి. నొప్పి తగ్గిన మనిషి తింటాడు, నిద్రపోతాడు, తర్వాతి కీమోకి లేచి వస్తాడు.

చికిత్స అయిపోయాక ఫైలు బీరువా అడుగున పెట్టేస్తారు. కొన్ని బాధలు అప్పుడు మొదలవుతాయి. మెడకు రేడియేషన్ ఇచ్చినవాళ్ళకు ఏళ్ళ తర్వాత థైరాయిడ్ తగ్గవచ్చు, ఒళ్ళు లావెక్కి నీరసంగా ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోవాలి. డాక్సోరుబిసిన్ తీసుకున్నవాళ్ళు మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే గుండె ఎకో చేయించుకోవాలి. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు గాయమైతే మానడం కష్టం. ఐదేళ్ళ తర్వాత వీధి చివర క్లినిక్‌లో పన్ను పీకించుకోవడానికి కుర్చీలో కూర్చున్నా, మత్తు సూది దించకముందే డెంటిస్టుకి ఆ ఫైలు చూపించాలి.